వర్ధన్నపేటలో వాంగ్మూలం

మా పలాస నుంచి వరంగల్ వెళ్లేవాళ్లు కోట చూడటానికో, వేయిస్తంభాల గుడి చూడటానికో వెళతారు. నేను వెళ్లింది ఒక మనిషికి ఒక మాట చెప్పడానికి. ఆ మాట చెప్పడంలో ఇరవై రెండేళ్లు ఆలస్యం చేశాను. వెళ్లొచ్చి నెలైంది. మా వీధిలో అందరూ గుడి ఎలా ఉందని అడుగుతున్నారు. గుడి గురించి రెండు ముక్కలే చెప్పగలను. మిగతాదంతా దానియేలు గురించే.

నేను సైన్యంలో పదిహేడేళ్లు లారీ నడిపాను. దానియేలు మిలిటరీ పోలీసు, అప్పట్లో నాయక్ ర్యాంకు. సైన్యంలో కూడా పోలీసులుంటారని చాలామందికి తెలియదు. ఎర్ర టోపీ, తెల్ల బెల్టు, భుజానికి పట్టీ. వాళ్ల పని శత్రువుతో కాదు, మాతోనే. సెలవు కాగితం లేకుండా స్టేషన్లో తిరిగే సిపాయిని పట్టుకోవడం, పారిపోయినవాణ్ని ఇంటికెళ్లి వెనక్కి తీసుకురావడం, కొండదారుల్లో మా బండ్లను వరసలో నడిపించడం, ఎక్కడైనా ప్రమాదం జరిగితే విచారించి రిపోర్టు రాయడం. దూరంగా ఎర్రటోపీ కనిపిస్తే చొక్కా గుండీలు పెట్టుకునేవాళ్లం, లోపల తిట్టుకునేవాళ్లం.

దానియేలు మొదటిసారి నా బండి ఆపింది వెనక లైటు వెలగడం లేదని. నా యాస విని తెలుగువాణ్నని గుర్తుపట్టాడు. మనవాడే కదా, వదిలేస్తాడనుకున్నాను. తీరుబడిగా చీటీ రాసి చేతిలో పెట్టి, ఆ తర్వాత గుడారంలోకి పిలిచి వేడి టీ ఇచ్చాడు. "రాసుడు రాసుడే, చాయ్ చాయే" అన్నాడు. అలా స్నేహితులమయ్యాం.

ఆ చలికాలం ఒక ఉదయం, మంచు గడ్డకట్టిన మలుపు దగ్గర అతను బండ్లను ఒక్కొక్కటిగా వదులుతున్నాడు. నా లారీ జారి పక్కకు వచ్చింది. ముందు బంపరుకీ, రాతి గోడకీ మధ్య అతని కుడికాలు నలిగింది. కిందపడి ఉండి కూడా చెయ్యెత్తి వెనకొచ్చే బండ్లను ఆపమని అరిచాడు. మోటార్ సైకిళ్ల మీద విన్యాసాలు చేసే దళానికి అతను అప్పటికే ఎంపికయ్యాడు. మళ్లీ ఎప్పుడూ మోటార్ సైకిలెక్కలేదు. ఆసుపత్రి మంచం మీద నుంచే రిపోర్టు రాయించాడు: దారి మీద మంచు ఉంది, డ్రైవరు తప్పు లేదు. విచారణ అంతటితో ముగిసింది.

నిజానికి ఆ మలుపులో నా కళ్లు మూతపడ్డాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ప్రతి కొత్త సంవత్సరానికీ దానియేలు ఫోన్ చేసేవాడు. ఈసారి చేసినప్పుడు, తమ ఊళ్లో సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు ఆదివారాలు పాఠాలు చెబుతున్నానన్నాడు. కాలు నలిగినా కోపంతో రాయకూడదు, చూసిందే రాయాలి అనడానికి నా రిపోర్టే ఉదాహరణగా చెబుతున్నానన్నాడు. నా అబద్ధం అక్కడ నిజానికి పాఠమైపోయింది.

కాజీపేట

ఫిబ్రవరి చివర్లో బయల్దేరి ఉదయాన కాజీపేటలో దిగాను. ఉత్తరానికీ దక్షిణానికీ బండ్లు వచ్చిపోయే కూడలి. స్టేషన్ బయట టీ కొట్టు నడిపే ఆయన తండ్రీ, మామా, పెద్ద కొడుకూ రైల్వేలోనేనట. అక్కడ గడియారం అవసరం లేదు, ఏ బండి కూతో విని టైము చెప్పేస్తాడు.

"ఎటు పోతానవ్ అన్నా?" అన్నాడు. రఘునాథపల్లి అన్నాను. బస్సెక్కడ ఆగుతుందో చెప్పి, మొదటిసారి వచ్చినవాడివని పది రూపాయల చాయ్‌తో పాటు ఒక ఉస్మానియా బిస్కెట్ ఊరికే ఇచ్చాడు. మా వైపు టీ చిక్కగా, తీపిగా ఉంటుంది. ఇక్కడ అల్లం ఘాటు గొంతులో చాలాసేపు నిలిచింది.

బస్సులో ఆడవాళ్లందరూ ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నారు. డబ్బులిచ్చి టికెట్ కొన్నది నేనూ, ఇంకో ముసలాయనా. కూర్చున్నదంతా ఆడవాళ్లే, వేలాడింది మేమిద్దరమే. కిటికీల్లోంచి పొలాల్లో మోదుగ చెట్లు ఎర్రగా పూసి కనిపించాయి.

రఘునాథపల్లి

దానియేలు పాత ఉత్తరాల మీద ఉన్న చిరునామా పట్టుకుని వెళ్లాను. అదే నా పొరపాటు. ఫోన్ చేస్తే ఎందుకొస్తున్నావని అడుగుతాడు, చెప్పడానికి ధైర్యం చాలదు. అందుకే చెప్పకుండా వెళ్లాను. ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి, దానియేలు ఎన్నడో వర్ధన్నపేటకు, అత్తగారి ఊరికి మారాడని చెప్పింది. అంటే నేను కాజీపేట నుంచి సరిగ్గా ఎదురు దిక్కుకు వచ్చాను.

ఆవిడ దానియేలు అన్న భార్య మరియమ్మ. అన్న చనిపోయి మూడేళ్లయిందట. మరిది దోస్తునని తెలిశాక ఇక కదలనివ్వలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, జొన్నరొట్టె, కూర పెట్టింది. అది ఏం కూరని అడిగితే ఆనిగెపుకాయ అంది. మా శ్రీకాకుళంలో ఆనపకాయ అంటాం. విజయవాడలో దిగి అదే మాట అంటే సొరకాయ అని సరిచేస్తారు. ఇంత దూరమొచ్చాక నా మాట మళ్లీ నాకు దొరికినట్టయింది.

దానియేలు ఎలాంటివాడో ఆవిడ నోట విన్నాను. ఆవిడ తమ్ముడు కూడా సైన్యంలోనే ఉండేవాడట. ఒకసారి సెలవు అయిపోయినా వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. అప్పుడే దానియేలు కూడా సెలవు మీద వచ్చాడు. రెండు రోజులు గడువిచ్చి, ఇంటిల్లిపాదీ బతిమాలినా వినకుండా, మూడో రోజు తనే కాజీపేట తీసుకెళ్లి రైలెక్కించాడు. వాడు పద్ధెనిమిది రోజులు గార్డు గదిలో ఉండాల్సి వచ్చింది.

"నాలుగేండ్లు నేను మరిదితోటి మాట్లాడలే తమ్మీ" అంది మరియమ్మ. "తిట్టిన, శాపం వెట్టిన. ఇప్పుడు మా తమ్ముడు నౌకరి పూర్తి చేసుకొని పింఛను తింటాండు. అప్పుడు వాన్ని తోలకపోతే ఏమవుతుండెనో."

కాసేపు గింజలు తీసి, ఇంకో మాట అంది. "తప్పు చేస్తే ఓర్సుకుంటడు. అవద్దం మాత్రం ఓర్వడు."

రొట్టె సగంలోనే వదిలేశాను. మంచినీళ్లు తాగి లేచాను. దానియేలు కోసం తెచ్చిన పలాస జీడిపప్పు పొట్లాలు రెండిట్లో ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను.

హనుమకొండ

ఆ సాయంత్రమే వర్ధన్నపేట వెళ్లిపోవచ్చు. ధైర్యం చాలక హనుమకొండలో ఆగిపోయాను. వేయిస్తంభాల గుడి మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఆ నల్లరాయి స్తంభాల్ని అంత నునుపుగా ఎలా చెక్కారో! మనిషి ముఖం అందులో కనిపిస్తుంది. నాకు నా ముఖం చూసుకోవాలనిపించలేదు, లేచి వచ్చేశాను. గుడి గురించి నేను చెప్పగలిగిన రెండు ముక్కలు ఇవే.

బయట బండి మీద సర్వపిండి కాలుస్తున్నారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి కాలుస్తారు. ఒకటి తింటే కడుపు నిండింది. అమ్మే ఆమె నా కళ్లలో నీళ్లు చూసి, కారం జర ఎక్కువైందా అని నొచ్చుకుంది. కారం వల్ల కాదని చెప్పలేక తలూపాను.

మర్నాడు వరంగల్ మీదుగా వెళుతుంటే మిర్చి బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి. అది మిర్చి మార్కెట్‌కు వచ్చే కాలం. ఆటోలో ఉన్న నలుగురికీ తుమ్ములే తుమ్ములు. నాకు తుమ్ముల్లో కళ్లజోడు ఊడి రోడ్డు మీద పడి, ఒక అద్దం పగిలింది. ఒంటి అద్దంతోనే వర్ధన్నపేట చేరాను.

వర్ధన్నపేట

ఖమ్మం రోడ్డు మీద ఊరు. పొలాల్లో టార్పాలిన్ పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. మిలిటరీ దానియేలు ఇల్లెక్కడని అడగ్గానే చూపించారు. రేకుల వరండా, గోడకు శిలువ, ఒక మూల చేతికర్ర. మనిషి తెల్లబడ్డాడు గానీ నడుం వంగలేదు. కుడికాలు ఈడుస్తూ ఎదురొచ్చి, గేటు దగ్గరే కావలించుకున్నాడు. భార్య సుగుణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, మంచిగున్నవా అన్నా అని పలకరించింది. చెప్పాపెట్టకుండా వచ్చినందుకు ఇద్దరూ కోప్పడ్డారు.

భోజనం వేళ దాకా ఆగితే ఆ ఇంట్లో అన్నం తిని చెప్పాల్సి వస్తుంది. అది ఇంకా అన్యాయం అనిపించింది. అందుకే నీళ్లు తాగి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రోజు మంచుకు జారలేదన్నాను. నిద్రలోకి జారానన్నాను. బండి గోడవైపు వెళ్లాకే మెలకువ వచ్చిందన్నాను.

సుగుణమ్మ చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. దానియేలు నా వైపు తిరిగాడు. కాలి గురించి అడుగుతాడనుకున్నాను. అతను అడిగింది వేరు.

"అయితే నా రిపోర్టు తప్పన్నట్టు."

"అవునన్నా."

"ఇరవై నాలుగేండ్ల నౌకరి చేసిన. ఒక్క రిపోర్టు తప్పు రాయలేదనుకుంట బతుకుతాన." "ఆ ఒక్కటి నాదే అయింది. నా కాలు మీద నేను రాసిందే."

కర్ర తీసుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ నిలబడి రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. నేను సంచి భుజాన వేసుకున్నాను. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవడమే. అతను వెనక్కొచ్చి, నా పక్క నుంచే లోపలికి వెళ్లి, పొడుగాటి నోటు పుస్తకం, పెన్ను, కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. బల్ల ముందు కూర్చుని ఎదురు కుర్చీ చూపించాడు.

"కూసో. పేరు, నంబరు, ర్యాంకు చెప్పు."

పేరు అప్పన్న అన్నాను. నా నంబరు నాకింకా నోటికొచ్చు. చెప్పాను. ఆ తర్వాత గంటన్నర పాటు అతను స్నేహితుడు కాదు, ఎర్రటోపీ. ఏ పూట బండెక్కావు, ఏం సరుకు, ఎన్నిసార్లు కొండెక్కి దిగావు, ఎక్కడ తిన్నావు. నాకు గుర్తులేవనుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మా యూనిట్లో ఇద్దరు డ్రైవర్లు జ్వరంతో పడుకున్నారు. వాళ్ల ట్రిప్పులు కూడా నాకే పడ్డాయి. మంచు పడి దారి మూసుకునేలోపు మందుల పెట్టెలు పైకి చేర్చాలి. రెండు రాత్రులు నేను స్టీరింగ్ వదల్లేదు.

"నిద్ర ఆగుతలేదని ఎవరికన్న చెప్పినవా?"

సుబేదారుకు చెప్పానన్నాను. ఇంకెవరూ లేరు, ఈ ఒక్క ట్రిప్పు లాగించు అన్నాడాయన. ఆయన్నీ తప్పుపట్టలేను, అక్కడ నిజంగానే ఇంకెవరూ లేరు.

దానియేలు అదంతా రాసుకున్నాడు. తర్వాత పెన్ను ఆపాడు.

"ముందురోజు పొద్దుమీకినప్పుడు నా పోస్టు కాడ ఆగినవా?"

ఆగానన్నాను.

"బండి కాగితం ఎవలు చూసిన్రు?"

నాకు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్లుగా నా నిద్ర గురించే తలుచుకున్నాను గానీ, ఆ సాయంత్రం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. కాగితం మీద నేను ఏ పూట బయల్దేరిందీ రాసి ఉంటుంది. అన్ని గంటలు నడిపినవాణ్ని పోస్టులో ఆపి పడుకోబెట్టాలని మిలిటరీ పోలీసులకు ఆజ్ఞ.

"నువ్వే చూశావు" అన్నాను. "నిద్రొస్తోందా అని అడిగావు. లేదన్నాను. పొమ్మన్నావు."

"కాగితంల టైము చూసిన. ఎరిక ఉండే పొమ్మన్న" అన్నాడు దానియేలు. "మన అప్పన్న, చూసుకుంటడు అనుకున్న. అది యాదికుంది నాకు. రిపోర్టుల రాయలే."

పెన్ను మళ్లీ అందుకున్నాడు. రాస్తూ పైకి చదివాడు: పోస్టులో డ్యూటీలో ఉన్న నాయక్ దానియేలు, కాగితం చూసి కూడా బండిని ఆపలేదు. అది రాయొద్దన్నాను. నేను వచ్చింది నా తప్పు చెప్పుకోవడానికి, నీ మీద రాయించడానికి కాదన్నాను.

"రాయాలె" అన్నాడు. "ఇది ఇడిసిపెడితే ఈ కాగితం గూడ ఆ కాగితం లెక్కనే అయితది."

మొత్తం చదివి వినిపించి సంతకం పెట్టమన్నాడు. నా పగిలిన కళ్లజోడుతో గీత కనిపించకపోతే వేలు పెట్టి చూపించాడు. నా సంతకం కింద తనదీ పెట్టాడు. సాక్షి సంతకానికి సుగుణమ్మను పిలిచాడు.

ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి, ఆ నాలుగు పేజీలూ నిలబడే చదివింది. మేమిద్దరం బడిపిల్లల్లా కూర్చున్నాం. చదివాక నావైపు తిరిగింది.

"ఆసుపత్రికి ఎందుకు రాకపోతివన్నా?"

ఒకసారి వచ్చానని చెప్పాను. వార్డు తలుపు దాకా వచ్చి, లోపల కాలికి కట్టిన బరువులు చూసి వెనక్కి వెళ్లిపోయానన్నాను.

"నువ్వు చెప్తే కాలు వస్తుండెనా, రాదు" అంది. "గని ఆరు నెలలు నేను ఒక్కదాన్నే ఉన్న ఆడ. భాష రాదు. తెలుగోళ్లు ఒక్కలన్న వచ్చి కూసుంటే బాగుండని రోజూ అనుకున్న."

ఆమె సంతకం పెట్టి, అన్నం చల్లారుతోంది లేవండి అంది. పచ్చిపులుసు, పప్పు, గుడ్ల కూర. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి మరిగించకుండానే పోస్తారు. దానియేలు ప్రార్థన చేసి, మొదటి గరిటె నా కంచంలోనే వేయించాడు.

కాలేజీ మైదానం

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లేముందు దానియేలు నన్ను కాలేజీ మైదానానికి తీసుకెళ్లాడు. పాతిక మంది దాకా ఉన్నారు, అందులో తొమ్మిది మంది అమ్మాయిలు. పరుగు అయిపోయి చెమటలతో కూర్చున్నారు. మిలిటరీ పోలీసుల్లో ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా సిపాయిలుగా తీసుకుంటున్నారు. రాయపర్తి దగ్గర్నుంచి సైకిల్ మీద వచ్చే ఒకమ్మాయి దానికే ప్రయత్నిస్తోందట.

ముందు రాత్రి నన్ను అడిగాడు, పేరు చెప్పకుండా చదవనా అని. పేరుతోనే చదవమన్నాను. చదివాడు. మొదట తన పాత రిపోర్టు చెప్పి, అది తప్పని చెప్పి, తర్వాత ఈ నాలుగు పేజీలు. చివర్లో ఆ డ్రైవరు ఇతనే అని నన్ను చూపించాడు. లేచి నిలబడ్డాను.

సైకిలమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మరి తప్పు ఎవలది?"

"చదివిన గద బిడ్డా" అన్నాడు దానియేలు. "ఎవలెవలిది ఎంతెంతనో అండ్లనే ఉంది. ఒక్కని మీద వెయ్యాలని చూడకు. మీకు రేపు పెన్ను చేతికొస్తది. గప్పుడు మీ దోస్తుంటడు ఎదురుంగ. లేకపోతే మీరే ఉంటరు."

ఆ అమ్మాయి నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంది. విజిల్ ఊదగానే మళ్లీ పరుగుకు లేచారు.

వరంగల్ స్టేషన్

మధ్యాహ్నం బండికి ఎక్కించడానికి వద్దన్నా వచ్చాడు. బస్సులో ఒక సీటు దొరికితే నన్నే కూర్చోమన్నాడు. ఇద్దరం వాదించుకునేలోపు ఒకావిడ కూర్చుంది. స్టేషన్లో ఇద్దరు జవాన్లు ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఉంటే, ఒకడి గుండీ ఊడి ఉండటం చూసి దానియేలు అక్కడే ఆగి పెట్టించాడు. వాడు పెట్టుకుని నవ్వాడు.

ఆ కాగితాన్ని ఎక్కడికైనా పంపుతావా అని ప్లాట్‌ఫాం మీద అడిగాను. ఎవరికి పంపాలి, అప్పటి ఆఫీసర్లలో ఎవరున్నారు అన్నాడు. తన సర్వీసు కాగితాల్లో పాత రిపోర్టు నకలు ఉందట, దాని పైన పెట్టానన్నాడు. నా మీద కోపం ఉందా అని కూడా అడిగాను. ఉంది, కొన్ని రోజులు ఉంటుంది అన్నాడు. అలా అన్నందుకు నాకు ఊపిరాడింది. లేదని ఉంటే నమ్మేవాణ్ని కాను.

బండి వచ్చింది. సుగుణమ్మ మొక్కజొన్నలతో చేసిన మక్కగారెల డబ్బా కిటికీలోంచి అందించాడు. సిగ్నలు పడ్డాక కిటికీ చువ్వ పట్టుకుని లోపలికి వంగాడు.

"నిద్రొస్తే పండుకో అప్పన్నా. ఈ బండి నువ్వు నడుపుతలేవు."

బండి కదిలింది. కర్ర ఆనించుకుని నిలబడ్డ మనిషి కనుమరుగయ్యేదాకా చూశాను. ఆ తర్వాత ఎప్పుడు పడుకున్నానో తెలియదు. ఎదుటి సీటాయన తట్టి లేపేసరికి విజయవాడ దాటిపోయాం.